ఎగిరేవాడికి మెట్లెందుకు?

కిందటి వారం అత్తగారిని సినిమాహాలు చీకట్లో నిలబెట్టి వచ్చేశాం. పాపం, పెద్దావిడ. ముందు ఆవిణ్ణి కూర్చోబెట్టి, ఆ తరవాత కథలోకి వెళదాం.

'గాలిదొర' సినిమా ఆఖరి ఘట్టం అది. ఊరిని కాపాడటానికి గాలిదొర మండుతున్న గోళాన్ని గుండెకి హత్తుకుని మేఘాలు దాటి ఎగిరిపోయాడు. ఆకాశం తెల్లగా పేలింది. కింద, మూడో అంతస్తు వంటగదిలో అతని తల్లి రెండు కంచాలు ముందు పెట్టుకుని కూర్చుంది. తెర నల్లబడింది. ఆ నలుపులోంచి మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. మూడు అడుగులు సమంగా, నాలుగోది ఒక్క రవ్వ ఆలస్యంగా, బరువుగా. మళ్ళీ మూడు, మళ్ళీ ఒకటి. గుమ్మం ముందు మెట్టు అంచుకి బూటు అడుగు రెండుసార్లు రాసిన చప్పుడు. అంతే, సినిమా అయిపోయింది. తలుపు తెరుచుకోలేదు. హాలంతా ఈలలు, చప్పట్లు. మూడో వరసలో అత్తగారు మాత్రం లేచి నిలబడి, పక్కనున్న కోడలి భుజం పట్టి కుదిపింది.

"కూర్చున్నావేమే! లే, తలుపు తియ్యి. వాడొచ్చాడు."

కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది, నీళ్ళు తాగించింది, ఆటోలో ఇంటికి తీసుకొచ్చింది. ఆ అడుగులు ఎవరివో ఇద్దరికీ తెలుసు. అంతకంటే చిక్కేమిటంటే, వాటిని వేసింది ఆ కోడలే.

స్టూడియోలో ఆమెని అందరూ అడుగులమ్మ అంటారు. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అడిగినవాళ్ళూ లేరు. సినిమాలో మనుషులు నడుస్తుంటే వినిపించే అడుగులు ఆ నటులవి కావు. షూటింగు దగ్గర మాటలు పట్టుకోవడానికే మైకులు అవస్థ పడుతుంటాయి, ఇంక కాళ్ళనెవరు పట్టించుకుంటారు? తరవాతెప్పుడో ఒక గదిలో, తెర మీద బొమ్మ చూస్తూ, ఆ బొమ్మ కాలు నేలకానిన క్షణానికి తన కాలు ఆనిస్తూ మైకు ముందు ఒకరు నడవాలి. ఇరవయ్యేళ్ళుగా ఆ ఒకరు ఈవిడే. హీరో ఈవిడే, దొంగ ఈవిడే, దొంగని తరిమే పోలీసూ ఈవిడే. గది గోడ పొడుగునా అరల్లో అరవై జతల చెప్పులూ బూట్లూ ఉంటాయి. నేల మీద చెక్క పలక, రాతి బండ, ఇసుక తొట్టి, కంకర తొట్టి. మెట్లుండవు. సిమెంటు పలక మీద మునివేళ్ళు ముందు ఆనించి నడిస్తే చాలు, వినేవాళ్ళకి మెట్లెక్కినట్టే ఉంటుంది.

ఆమె చేసిన తప్పు ఆ పని చేసేవాళ్ళు తప్ప లోకంలో ఇంకెవరూ చెయ్యలేనిది. గాలిదొరకి కేటాయించిన బూట్లు వేరే ఉన్నాయి. సినిమా అంతా వాటితోనే నడిచింది. కానీ ఆఖరి ఘట్టంలో తెర నల్లగా ఉంది కదా, అనుసరించడానికి బొమ్మ లేదు. సౌండ్ ఇంజనీరు అద్దం అవతలి నుంచి, "నీ ఇష్టం వచ్చినట్టు నడువమ్మా. ఎవరో ఇంటికొస్తున్నట్టుండాలి, అంతే" అన్నాడు. ఇరవయ్యేళ్ళలో ఆమెని ఇష్టం వచ్చినట్టు నడవమన్నవాళ్ళు లేరు. దీపాలు తగ్గించారు. అరలోకి చెయ్యి పెట్టి అందిన జత తొడుక్కుని నడిచింది. ఇంటికొచ్చే నడక ఆమెకి ఒకటే తెలుసు.

దీపాలు వెలిగాక కాళ్ళవైపు చూసుకుంటే మొగుడి బూట్లు. తప్పయింది, మళ్ళీ నడుస్తానని ఒక్క మాట చెబితే సరిపోయేది. నోరు రాలేదు.

ఆ మొగుడు లిఫ్టు మెకానిక్కు. ఒకసారి లిఫ్టు గోతిలో పడి ఎడమ మోకాలు దెబ్బతిన్నాక ఆయన లిఫ్టెక్కడం మానేశాడు. లిఫ్టులు బాగుచేసేవాడు మెట్లెక్కి వస్తున్నాడని ఇరుగుపొరుగు నవ్వేవాళ్ళు. నాలుగో మెట్టు దగ్గర మోకాలు మొరాయించేది, అందుకే ఆ ఆలస్యం. ఏడేళ్ళ కిందట ఒక పొద్దున్న కొత్త బూట్లు వేసుకుని పనికెళ్ళాడు. పాతవి గుమ్మం దగ్గర మిగిలాయి, మనిషి మిగల్లేదు. ఆస్పత్రులు వెతికారు, పోలీసులకి చెప్పారు, పేపర్లో ఫోటో వేయించారు. పాత బూట్లని ఇంట్లో చూడలేక, పారెయ్యడానికి చెయ్యి రాక, ఆమె వాటిని స్టూడియో అరలో పెట్టింది.

ఏడేళ్ళ పాటు ఆచూకీ లేని మనిషిని పోయినట్టు ప్రకటించమని కోర్టుని అడగొచ్చట. అడిగింది. సోమవారం పొద్దున్న పదిన్నరకి జడ్జిగారి ముందు ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. 'ఏడేళ్ళలో నా భర్త బతికున్నట్టు ఏ ఆనవాలూ నాకు అందలేదు' అని కాగితం మీద ఉంది. ఆయన పోయాడని నమ్మి ఆమె ఈ పనికి పూనుకోలేదు. ప్రతి సాయంత్రం ఆరింటికి చెవి తనంతట తాను తలుపు వైపు తిరుగుతుంది. అది ఆగాలి. ఆ ఒక్కటీ ఆగితే చాలు, మిగిలిన బతుకు ఎలాగో బతకొచ్చు.

కథ ఇక్కడుంది. ఇప్పుడు ఆదివారం.

మధ్యాహ్నం రెండు కాకుండానే అత్తగారు తల దువ్వుకుని, సంచీ భుజానికి తగిలించుకుని తయారైంది. ప్రతి ఆదివారం ఆవిడ స్నేహితురాలు నర్సమ్మ ఇంటికి వెళ్ళి చీకటి పడేలోగా వస్తుంది. రిటైరైన నర్సు, రిటైరైన అత్తగారు; చెప్పుకోవడానికి బోలెడుంటాయి.

"రేపు కోర్టులో మీరూ సంతకం పెట్టాలి అత్తయ్యా" అంది కోడలు.

"బతికున్నవాడికి చావు కాగితం నేను రాయను."

"బతికున్నాడని మీకెలా తెలుసు?"

"సినిమాహాల్లో నువ్వు విన్లేదూ?"

"ఆ అడుగులు నావి అత్తయ్యా. బూట్లు ఆయనవి, కాళ్ళు నావి. ఎన్నిసార్లు చెప్పాలి?"

అత్తగారు సంచీ పట్టీ సవరించుకుంది. ఏదో అనబోయి మింగేసింది. "నువ్వు తొందరపడకు. అంతే చెబుతా" అని గుమ్మం దాటింది. కుడి చెప్పు ఈడ్చి, ఎడమది టప్పున వేసి, మళ్ళీ కుడిది ఈడ్చి. పదకొండు సినిమాల్లో ముసలమ్మల నడకంతా అత్తగారిదే. ఆ సంగతి ఆవిడకి తెలీదు, తెలిస్తే తెర మీద పేరు వెయ్యమని కూర్చునేది.

పెద్దతనంలో మతి ఇలా అయిందనుకుని కోడలు నిట్టూర్చింది. ఆవిడకి నచ్చజెప్పాలంటే నలుగురి ముందూ ఒప్పుకుని రావాలి. ఆ అవకాశం తనంతట అదే వచ్చింది. గాలిదొర అభిమాన సంఘం వాళ్ళు సినిమా చివర పడే పేర్లలో 'అడుగులమ్మ' అన్నది వెతికి పట్టుకుని చర్చకి రమ్మన్నారు. 'ముగింపు నమ్మదగినదేనా?' అన్నది విషయం. బూట్ల జత గుడ్డసంచీలో, కోర్టు కాగితం హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని ఆమె బయల్దేరింది.

సంఘం ఆదివారాలు కూడేది ఒక డ్రైవింగ్ స్కూలు క్లాసు గదిలో. స్కూలు మాస్టారే సంఘానికి ప్రెసిడెంటు. గోడల నిండా రోడ్డు గుర్తులు, బల్ల మీద నాలుగు బొమ్మ కార్లు. ఇరవై మంది దాకా ఉన్నారు, సగం మంది భుజాల వెనక గాలిదొర వేసుకునే నీలం కేపు వేలాడుతోంది. ఒక మూల ఒకమ్మాయి తల వంచుకుని ఎవరి కేపుకో ఊడిన అంచు కుడుతోంది. అడుగులమ్మ వెనక బెంచీలో కూర్చునేసరికి పోరు మంచి పాకాన ఉంది.

"నేను లెక్క కట్టాను" అంటోంది లెక్కల టీచరు, నోటు పుస్తకం పైకెత్తి. "మేఘాల పైనించి కిందికి పడితే మనిషనేవాడికి ఎముక మిగలదు. ఆ ముగింపు నమ్మమంటే నేను నమ్మను."

"పడితే కదండీ! ఎగిరాడు" అన్నాడు ప్రెసిడెంటు, బొమ్మ కారొకటి గాల్లోకి లేపి.

"ఎగిరితే కిటికీలోంచి రావాలిగా? సినిమా మొత్తం కిటికీలోంచే వచ్చాడు. ఎగిరేవాడికి మెట్లెందుకు?"

గది గొల్లుమంది. ప్రెసిడెంటు తగ్గలేదు. "శక్తి పోయింది మేడం. అందుకే మెట్లు. శక్తంతా పోగొట్టుకుని, మామూలు మనిషై, అమ్మ దగ్గరికి నడిచొచ్చాడు. నేను నాలుగుసార్లు చూశాను, నాలుగుసార్లూ ఏడ్చాను."

"మీరు ఏడిస్తే నిజమైపోతుందా?"

"మీ ఇద్దరిదీ తప్పే" అని లేచాడు మందుల షాపాయన. "అసలెవరూ రాలేదు. రెండో సీనులో ఆ తల్లి నిద్రమాత్ర వేసుకుంటుంది, గమనించారా? అలాంటివాళ్ళకి లేని చప్పుళ్ళు వినిపిస్తాయి. నా షాపుకొచ్చేవాళ్ళలో చూస్తూనే ఉంటాను. కొడుకు పోయాడు. తల్లి చెవి ఒప్పుకోలేదు. అంతే కథ."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని ముగ్గురూ ముగ్గురే. వెనక బెంచీలో అడుగులమ్మ మాత్రం బూట్ల సంచీ ఒళ్ళోకి లాక్కుంది. వాళ్ళకది ఆదివారం కాలక్షేపం. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. వచ్చాడా, రాలేదా, తల్లి చెవి భ్రమా అని ఏడేళ్ళుగా తన ఇంట్లో గోడలు వాదించుకుంటున్నదే వీళ్ళు బొమ్మ కార్లు పెట్టుకుని వాదించుకుంటున్నారు.

"ఆ నడక గాలిదొరది కాదు."

గొంతు పెద్దదేం కాదు. మూల కూర్చుని కుడుతున్న అమ్మాయిది. ఈ సంఘం కేపులన్నీ కుట్టేది ఆమే కాబట్టి కేపులక్క అంటారు.

"సినిమా అంతా మడమ ముందు వేసి నడుస్తాడు. ఆఖర్న వచ్చినాయన ఎడమకాలు ఆగుతుంది. అతను వేరే మనిషి" అని దారం పళ్ళతో తుంచింది. "నాకు తెలుసు ఆ నడక."

ఆ చివరి మాట గోలలో కొట్టుకుపోయింది. అడుగులమ్మ చెవిలో పడింది కానీ, సినిమా నాలుగుసార్లు చూసినవాళ్ళెవరైనా అనే మాటే అనుకుంది. లేచి నిలబడింది. ప్రెసిడెంటు ఆమెని గుర్తుపట్టి ఎంతో గౌరవంగా ముందుకి పిలిచాడు.

"ఆ ముగింపులో వచ్చింది గాలిదొర కాదండీ" అందామె. "నేను."

సంచీలోంచి బూట్లు తీసి తొడుక్కుంది. నల్లబల్ల ముందు ఖాళీ జాగాలో, కళ్ళు మూసుకుని, మునివేళ్ళ మీద బరువు పెట్టి నడిచింది. మూడు అడుగులు సమంగా. నాలుగోది ఆలస్యంగా, బరువుగా. చివర బూటు అడుగు రెండుసార్లు గచ్చుకి రాసింది. కళ్ళు తెరిచింది. ప్రెసిడెంటు చేతిలో బొమ్మ కారు అలాగే ఉంది.

"అంటే..." అన్నాడాయన, చిన్నపిల్లాడిలా. "అతను రాలేదా అమ్మా?"

"రాలేదండీ. తెర నల్లగా ఉంది. ఎలా నడవాలో చూపించే బొమ్మ లేదు. నా కాళ్ళకి తెలిసిన నడక నడిచాను. అది నా పొరపాటు. సినిమాకీ దానికీ సంబంధం లేదు."

లెక్కల టీచరు నోటు పుస్తకం మూసేసింది. "ఎవరి నడకమ్మా అది?" అని మెల్లగా అడిగింది.

"మా ఆయనది."

"ఆయన ఇప్పుడు..."

"రేపు పొద్దున్న పదిన్నరకి పోతారు."

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టింది. టీచరు చదివి, పక్కనున్న మందుల షాపాయనకి ఇచ్చింది. ఆయన చదివి, తల్లి చెవి ఒప్పుకోలేదంటూ ఇందాక తనే అన్న మాట గుర్తొచ్చి కాబోలు, తలెత్తలేదు. చెప్పేసినందుకు అడుగులమ్మ గుండె తేలికపడింది. ఇంటికెళ్ళి అత్తయ్యకి ఇదే చెప్పొచ్చు, ఇరవై మంది ముందు నడిచి చూపించాను, ఇంక వదిలెయ్యండి అని. బూట్లు విప్పడానికి వంగింది.

కేపులక్క కుట్టుపని వదిలేసి దగ్గరికొచ్చి, ఆమె పక్కనే నేల మీద గొంతుక్కూర్చుంది.

"అక్కా, ఒకటి వదిలేశారు."

"ఏం వదిలేశాను?"

"చివర. బూటు రాశాక ఆయన మెట్ల పక్క ఇనప కమ్మీ మీద రెండుసార్లు కొడతాడు. టంగ్, టంగ్. తాళంచెవి లాంటి దానితో. సినిమాలోనూ అది లేదు, ఇప్పుడు మీరూ చెయ్యలేదు. అందుకే అడుగుతున్నా."

అడుగులమ్మ చేతుల్లోని బూటులేసు జారిపోయింది.

లిఫ్టు తలుపులు బయటినుంచి తెరవడానికి మెకానిక్కుల దగ్గర పొడుగాటి ఇనప తాళంచెవి ఒకటుంటుంది. ఆయన దాన్ని నడుముకి తగిలించుకునేవాడు. మెట్లన్నీ ఎక్కి, బూటు రాసి, కమ్మీ మీద దాంతో రెండు దెబ్బలు కొడితే లోపల ఈమె వెళ్ళి తలుపు తీసేది. పెళ్ళైన మొదటి వారం నుంచీ అంతే. ఆ రోజు స్టూడియో గదిలో అంతా నడిచి, అది మాత్రం చెయ్యలేదు. ఆ రెండు దెబ్బలూ తన కోసం కొట్టినవి, మైకు కోసం కాదు. సౌండ్ ఇంజనీరుకి చెప్పలేదు, పోలీసులకి చెప్పలేదు, కోర్టు కాగితంలో లేదు. లోకంలో అది తెలిసినవాళ్ళు ఇద్దరు, ఇంట్లో ఉండి రోజూ విన్న అత్తగారిని కలుపుకుంటే ముగ్గురు.

"నువ్వెక్కడ విన్నావు?" అని అడిగింది.

"మా షాపులో. పక్క సందులోనే. షాపంటే షాపు కాదక్కా, పాత బిల్డింగులో మెట్ల కింద గది. రోజంతా జనం నా నెత్తిమీంచే ఎక్కి దిగుతుంటారు. మొహాలు తెలీవు, నా తలుపు వెనక సందులోకి. నడకలు తెలుసు. ఈయన ఆదివారం ఆదివారం వస్తాడు. రెండేళ్ళుగా వింటున్నా. సినిమాలో వినగానే, అరె, మా మెట్లాయన అనుకున్నా."

"ఎవరింటికి వస్తాడు?"

"మొదటి అంతస్తులో, మెట్లకెదురుగా ఒక గది. వారమంతా తాళమే. ఆదివారం ఇద్దరొస్తారు. ఒకళ్ళు ముందొచ్చి తలుపు తీసి పెట్టుకుంటారు, కాసేపాగి ఈయన." గోడ గడియారం వైపు చూసింది. "నాలుగున్నరకి. ఇంకో పావుగంట."

లెక్కల టీచరు అడుగులమ్మ భుజం మీద చెయ్యి వేసింది. "తొందరపడకమ్మా. మోకాళ్ళు నొప్పులున్నవాళ్ళు ఊళ్ళో వందమంది ఉంటారు."

"వందమంది దగ్గరా ఆ తాళంచెవి ఉండదండీ" అంది అడుగులమ్మ. బూట్లు సంచీలో కుక్కి కేపులక్క వెనక బయటికి నడిచింది. ప్రెసిడెంటు కోర్టు కాగితం పట్టుకుని గుమ్మం దాకా పరిగెత్తుకొచ్చి, ఆమె చేతిలో పెట్టాడు. ఆయన మొహంలో ఇందాకటి ఆశ మళ్ళీ వెలగడం చూసి ఆమెకి భయం వేసింది.

సందులో మధ్యాహ్నపు ఎండ ఇంకా తగ్గలేదు. మూడంతస్తుల పాత భవనం, ముందు వైపు మూసేసిన లిఫ్టుకి 'పనిచేయదు' అని తుప్పుపట్టిన రేకు. ఆ రేకు చూసి ఆయనైతే నవ్వేవాడు. కేపులక్క వెనక తలుపు తాళం తీసింది. గదిలో నిటారుగా నిలబడటానికి సగం జాగాయే ఉంది. మిగతా సగంలో మెట్ల అడుగుభాగం నెత్తిమీదికి వాలి ఉంది. ఒక మిషను, నీలం బట్ట తానులు, ఒక ముక్కాలిపీట. అడుగులమ్మ పీట మీద కూర్చుంది. మెట్టు అంచు నుదుటికి జానెడు దూరంలో ఉంది.

"ముందొచ్చేవాళ్ళు ఈపాటికి వచ్చేసుంటారు" అని గుసగుసగా అంది కేపులక్క, తలుపు దగ్గరగా వేస్తూ.

ఆయన బతికుండాలని ఏడేళ్ళు కోరుకున్న మనిషి, ఆ పీట మీద కూర్చుని మొదటిసారి ఆయన రాకూడదని కోరుకుంది. రాకపోతే రేపు సంతకం పెట్టొచ్చు, ఏడవొచ్చు, నిద్రపోవచ్చు. వస్తే మాత్రం ఏడేళ్ళుగా ఈ ఊళ్ళోనే, తన ఇంటికి నాలుగు వీధుల అవతల, ప్రతి ఆదివారం ఇంకెవరో తలుపు తీస్తుంటే వచ్చి పోతున్నట్టు. అది చావుకంటే చిన్నదేం కాదు.

వీధి వైపు గేటు కిర్రుమంది.

మొదటి మెట్టు. రెండు. మూడు. ఆగింది. నాలుగు.

నెత్తిమీంచి ఇసుక రవ్వలు రాలి ఆమె చేతి మీద పడ్డాయి. ఐదు, ఆరు, ఏడు, ఆగి, ఎనిమిది. ఆమె చెవి తన పని తాను చేసుకుపోయింది. అచ్చం అదే నడక, కానీ తను మైకు ముందు నడిచిన నడక కాదు. మనిషి బరువు తగ్గింది. నాలుగో అడుగు దగ్గర ఆలస్యం కొంచెం పెరిగింది, ఆగినప్పుడల్లా కమ్మీ పట్టుకుంటున్నాడు. తను నడిచింది ఏడేళ్ళ కిందటి మనిషిని. ఈ మనిషికి ఏడేళ్ళు వయసు మీదపడింది. దెయ్యాలకి వయసు పెరగదు.

ఇరవయ్యో మెట్టు. బూటు అడుగు రెండుసార్లు రాశాడు.

టంగ్. టంగ్.

ఆమె లేచి నిలబడింది. తల మెట్టు అంచుకి కొట్టుకున్నా తెలియలేదు. కుడిచెయ్యి ముందుకి చాచి, గాలిలో లేని గడియని వెతికింది. పదిహేనేళ్ళ అలవాటు. కేపులక్క ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి దించింది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళున్నాయి.

పైన, గదిలోంచి తలుపు వైపు ఇంకొకరు నడిచి వస్తున్నారు. ఆడమనిషి అడుగులు. అడుగులమ్మ వినకూడదనుకుంది. కానీ ఇరవయ్యేళ్ళు అందరి నడకలూ విని బతికిన చెవి ఆ పూట మాత్రం ఎందుకు మూసుకుంటుంది?

కుడి చెప్పు ఈడ్చి, ఎడమది టప్. ఈడ్చి, టప్. ఈడ్చి, టప్.

పదకొండు సినిమాల్లో ఆమె నడిచిన నడక.

పైన గడియ తీసిన చప్పుడైంది. "రా నాన్నా. ఇవాళ దానికి చెప్పేద్దామనుకున్నా. నోరు రాలేదు" అంది ఆ గొంతు. తలుపు మూసుకుంది.

"ఎవరక్కా ఆవిడ?" కేపులక్క పెదవులు కదిలించి అడిగింది.

"మా అత్తగారు."

చేతిలో కోర్టు కాగితం ఉండ చుట్టుకుపోయింది. కోపమో, ఏడుపో, బతికున్నాడన్న సంతోషమో ఆమెకే తెలియలేదు. బూట్ల సంచీ చంకలో పెట్టుకుని, సందు చుట్టూ తిరిగి ముందు గుమ్మంలోకి వచ్చింది. మెట్ల దగ్గర ఆగింది. రెండు కాళ్ళ చెప్పులూ విప్పి, తుప్పుపట్టిన లిఫ్టు ముందు పక్కకి పెట్టింది.

ఇరవయ్యేళ్ళుగా అందరి అడుగులూ లోకానికి వినిపించేలా నడిచిన మనిషి, మొదటి మెట్టు మీద చప్పుడు కాకుండా కాలు పెట్టింది.